బడిపంతులు బూల్ – గ్రంథాలయంలో మూడు చిన్న మాటలు

ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో 1815 నవంబరు 2వ తేదీన ఒక చెప్పులు కుట్టే పనివాని ఇంట జార్జి బూల్ జన్మించాడు. తండ్రి జాన్ బూల్‌కు తన వృత్తి మీదకంటె దుర్భిణుల మీద, లెక్కల మీద మక్కువ ఎక్కువ. అందుచేత అంగడి అంతంతమాత్రంగానే నడిచేది. కుమారుడు విద్యార్థిగా విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. పదహారవ ఏట ఇంటిభారం తలకెత్తుకొని డాంకాస్టర్ అనే ఊరిలో సహాయోపాధ్యాయుడుగా చేరాడు. పంతొమ్మిదవ ఏట లింకన్‌లో తానే సొంతంగా ఒక బడి తెరిచాడు. పగలు పిల్లలకు పాఠాలు, రాత్రి తన చదువు. గ్రీకు, ఫ్రెంచి, జర్మను భాషలను, ఉన్నత గణితాన్ని పుస్తకాలు ముందు పెట్టుకొని తనంత తానే నేర్చుకొన్నాడు. శ్రామికుల విద్య కోసం ఆ ఊరిలో 1833లో వెలసిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయం ఆయనకు కళాశాల వంటిది. 1844లో రాయల్ సొసైటీ వారు ఆయన గణిత వ్యాసానికి పతకం బహూకరించారు. 1849లో ఐర్లండులోని కార్క్ నగరంలో కొత్తగా తెరిచిన క్వీన్స్ కళాశాలకు, పేరు చివర ఒక్క పట్టమైనా లేని ఈ బడిపంతులు గణితాచార్యుడుగా వెళ్లాడు.

నేడు ఏ గ్రంథాలయంలోనైనా కంప్యూటరు ముందు కూర్చొని "ఈ విషయమూ, ఆ విషయమూ కలిసి ఉన్న పుస్తకాలేవి?" అని వెతికే ప్రతి పాఠకుడూ ఆ పంతులుగారి లెక్కనే చేస్తున్నాడు. ఆ లెక్కకు కావలసినవి మూడే మూడు చిన్న మాటలు. ఇంగ్లీషులో అవి ఆండ్, ఆర్, నాట్. మన మాటలలో చెప్పాలంటే రెండూ, ఏదైనా, కాక. వీటికి బూలియన్ ఆపరేటర్లని పేరు. మాటలు చిన్నవే. వాటిని సరిగా వాడడం మాత్రం చదువుకొన్నవారికి సైతం అంత సులభంగా పట్టుబడలేదని గత 60 సంవత్సరాల గ్రంథాలయ చరిత్ర చెబుతున్నది.

బూల్ 1847లో ఒక చిన్న పుస్తకం, 1854లో 'ఆలోచనా నియమాలు' అనే పెద్ద గ్రంథం వెలువరించాడు. అంతవరకు బీజగణితంలోని అక్షరాలు సంఖ్యలకే గుర్తులు. బూల్ వాటిని వస్తువుల సమూహాలకు గుర్తులుగా తీసుకొన్నాడు. ఎక్స్ అంటే తెల్లని వస్తువులన్నీ, వై అంటే గొర్రెలన్నీ అనుకొంటే, ఆ రెండింటి లబ్ధం తెల్లని గొర్రెలన్నమాట. మరి ఎక్స్‌ను ఎక్స్‌తోనే గుణిస్తే? తెల్లనివాటిలో నుండి మళ్లీ తెల్లనివాటిని ఏరితే మొదటివే మిగులుతాయి. కనుక ఎక్స్ వర్గం ఎక్స్‌కు సమానం. సంఖ్యలలో ఈ నియమానికి లొంగేవి 0, 1 రెండే. అందుచేత బూల్ ఏమీ లేనితనానికి 0ని, మాట్లాడుకొనే సమస్త ప్రపంచానికి 1ని గుర్తులుగా నిలిపాడు. తెల్లనివి కానివన్నీ ఒకటిలో నుండి ఎక్స్‌ను తీసివేయగా మిగిలినవి. ఇవే నేడు మన ఉన్నత పాఠశాల తరగతులలో ఛేదనం, సమ్మేళనం, పూరక సమితి అనే పేర్లతో చెప్పే పాఠాలు. వీటిని వలయాలు గీసి చూపే పద్ధతిని జాన్ వెన్ 1880లో ప్రచారంలోకి తెచ్చాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. బూల్ పద్ధతిలో రెండు సమూహాలను కూడాలంటే వాటిలో ఉమ్మడి సభ్యులు ఉండరాదు. తెలుగు తెలిసిన పిల్లలు ఒక సమూహం, కన్నడం తెలిసిన పిల్లలు మరొక సమూహం అనుకొందాం. బళ్లారి వంటి చోట ఈ రెండింటిని బూల్ కూడనివ్వడు. ఎందుకంటే రెండు భాషలూ వచ్చిన పిల్లలే అక్కడ ఎక్కువ. వారిని రెండుసార్లు లెక్కించవలసి వస్తుంది. బూల్ తరువాత విలియం స్టాన్లీ జెవన్స్ ఈ చిక్కు తీర్చాడు. ఇదైనా, అదైనా, రెండూ అయినా ఒకసారే లెక్కలోకి వచ్చేటట్లు కూడికకు అర్థం మార్చాడు. గ్రంథాలయాలు వాడుతున్న 'ఆర్' జెవన్స్ చెప్పిన అర్థంలోనిదే.

బూల్ కుటుంబానికి తెలుగునేలతో ఒక దూరపు సంబంధం ఉన్నది. 1855లో ఆయన వివాహమాడిన మేరీ ఎవరెస్టు, భారత సర్వేయర్ జనరల్ జార్జి ఎవరెస్టుకు తమ్ముని కూతురు. హిమాలయ శిఖరానికి తన పేరు రావడానికి ఎన్నో ఏళ్లముందు, ఆ ఎవరెస్టు నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరీ నదుల నడిమి అడవులలో కొలతలు వేస్తూ విషజ్వరం పాలై, ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణపు కొసకు తరలవలసివచ్చినది. తన పెదతండ్రి ద్వారా భారతీయుల ఆలోచనా విధానం బూల్ మీద ప్రభావం చూపినదని మేరీ 1901లో రాసినది. అది భర్త మీది గౌరవంతో ఒక ఇల్లాలు చెప్పిన మాట. బూల్ గ్రంథాల నుండి దానిని రుజువు చేయడం కష్టం. మనవాళ్ల గొప్ప చెప్పుకోవడానికి ఇది మంచి కథే కాని, చరిత్రగా దానిని మోయించడం న్యాయం కాదు.

1864 నవంబరు చివరలో బూల్ ఇంటినుండి కళాశాలకు జోరువానలో నడిచివెళ్లి, తడిసిన బట్టలతోనే పాఠం చెప్పి, జబ్బుపడి, డిసెంబరు 8వ తేదీన మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 49. చేతిలో ఐదుగురు ఆడపిల్లలతో మిగిలిన మేరీ లండన్ వచ్చి క్వీన్స్ కళాశాల అనే స్త్రీల విద్యాసంస్థలో గ్రంథపాలకురాలుగా చేరినది. అట్టమీద రంధ్రాలు చేసి, సూదీదారంతో సరళరేఖలు కుట్టించి, వాటిలో నుండి వక్రరేఖ పుట్టుకురావడం పిల్లలకు చూపే బోధనోపకరణం ఆమె తలపే. ఆ ఆడపిల్లలలో ఒకరు రసాయన శాస్త్రంలో, ఒకరు రేఖాగణితంలో, ఒకరు నవలా రచనలో పేరు గడించారు. భర్త కనిపెట్టిన తర్కం ఒకనాడు గ్రంథపాలకుల నిత్యకృత్యం కాగలదని, ఆ ఉద్యోగమే చేసిన ఆమెకు తెలిసే అవకాశం లేదు.

అప్పటి గ్రంథాలయాలలో వెతుకులాట అంటే సూచిక కార్డుల పెట్టెలే. సన్నని సొరుగులలో రచయిత పేరుకు ఒక కార్డు, పుస్తకం పేరుకు ఒకటి, విషయానికి ఒకటి. పాత విద్యార్థులలో చాలామంది ఆ కార్డులను వేలితో దొర్లించినవారే. ఆ పద్ధతిలో ఒక గుణం ఉన్నది: ఒకదానికోసం పోతే వెతకబోయిన తీగ కాలికి తగిలినట్లు మరొకటి దొరికేది. లోపమూ ఉన్నది. రెండు విషయాలు కలిసిన పుస్తకం కావాలంటే ఆ రెండింటిలో ఏ శీర్షిక కింద గ్రంథపాలకుడు కార్డు పెట్టాడో ఊహించాలి. ఊహ తప్పితే పుస్తకం ఉండీ లేనట్లే.

ఈ లోపాన్ని మొదట గట్టిగా పట్టుకొన్నవారిలో మనకు సమీపస్థుడైన మహనీయుడు షియాలి రామామృత రంగనాథన్ గారు. తంజావూరు ప్రాంతపు శీర్గాళిలో 1892లో జన్మించిన రంగనాథన్ గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం బోధిస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథపాలకులైనారు. బూల్ కూడా లెక్కల పంతులే అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవడం అనుచితం కాదు. లండన్‌లో శిక్షణ పొందుతున్న రోజులలో ఒక అంగడిలో పిల్లలు ఆడుకొనే మెకానో బొమ్మల పెట్టె రంగనాథన్ గారి కంటబడినది. కొన్ని ఇనుప ముక్కలు, మరలు. వాటినే ఒక తీరుగా బిగిస్తే బండి, మరొక తీరుగా బిగిస్తే వంతెన. విషయాలను కూడా అట్లే ముక్కలుగా చూపి, పుస్తకాన్నిబట్టి బిగించవచ్చునన్న ఆలోచన నుండి 1933లో కోలన్ వర్గీకరణ పుట్టినది. ఒక పుస్తకం దేనిని గురించినది, ఏ పదార్థంతో సంబంధించినది, ఏ క్రియను చెబుతున్నది, ఏ ప్రదేశానిది, ఏ కాలానిది అన్న ఐదు ముఖాలను విడదీసి మళ్లీ కూర్చడం దాని మూలసూత్రం. వేర్వేరు ముఖాలను కలిపి ఒక విషయాన్ని నిర్ణయించడమంటే 'ఆండ్' పనిని పుస్తకం వచ్చినప్పుడే గ్రంథపాలకుడు చేసి పెట్టడమే. పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది 1931లో ఆయన ప్రకటించిన పంచసూత్రాలలో ఒకటి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత శాస్త్ర వ్యాసాలు, నివేదికలు వరదలా వచ్చిపడినాయి. అన్ని కలయికలను ముందుగా ఊహించి పెట్టడం ఎవరి తరమూ కాలేదు. కలిపే పనిని వెతికేవానికే వదిలిపెడితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన వచ్చినది. అమెరికాలో మార్టిమర్ టౌబే 1950 దశకం ఆరంభంలో 'యూనిటర్మ్' అనే పద్ధతి ప్రవేశపెట్టాడు. ప్రతి నివేదికకూ ఒక సంఖ్య. ప్రతి మాటకూ ఒక కార్డు. ఆ మాట వర్తించే నివేదికల సంఖ్యలు ఆ కార్డు మీద ఉంటాయి. ఉదాహరణకు 'వరి' కార్డు మీద 12, 27, 45, 63, 88 సంఖ్యలు, 'తెగుళ్లు' కార్డు మీద 19, 27, 50, 88, 91 సంఖ్యలు ఉన్నాయనుకొందాం. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ ఉన్నవి 27, 88. వరి తెగుళ్ల మీది నివేదికలు ఆ రెండే. 'ఏదైనా' కావాలంటే రెండు కార్డుల సంఖ్యలూ కలిపి 8. 'తెగుళ్లు, వరి కాక' అంటే 19, 50, 91. యంత్రం లేదు, విద్యుత్తు లేదు. బూల్ లెక్క మాత్రం పూర్తిగా ఉన్నది. ఇదే పనిని కార్డులకు రంధ్రాలు చేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, కాంతి దూసుకువచ్చిన రంధ్రం సంఖ్యను చదివే పద్ధతిలోనూ చేశారు. మరికొన్ని చోట్ల అంచులలో గాట్లు పెట్టిన కార్డుల కట్టలో పొడుగాటి సూది దూర్చి పైకి ఎత్తేవారు. కావలసిన కార్డులు జారి కిందపడేవి.

విద్యుత్ వలయాల స్విచ్చులు బూల్ లెక్కనే పాటిస్తాయని క్లాడ్ షానన్ అనే యువకుడు తన ఎం.ఎస్. పట్టపు వ్యాసంలో నిరూపించి 1938లో ప్రకటించాడు. కంప్యూటరు నిర్మాణానికి అది పునాది. కనుక గ్రంథాలయం కంప్యూటరును చేరినప్పుడు పాత లెక్కే కొత్త యంత్రంలో మళ్లీ ఎదురైనది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1964లో మెడ్లర్స్ అనే పథకం ప్రారంభించినది. వైద్యుడు తన ప్రశ్నను కాగితం మీద రాసి పంపితే, శిక్షణ పొందిన ఉద్యోగి దానిని ఆండ్, ఆర్, నాట్‌ల వాక్యంగా మార్చేవాడు. యంత్రం అయస్కాంత టేపులను తిప్పి జాబితా అచ్చువేసేది. జవాబు చేరేసరికి వారాలు పట్టేది. 1971లో మెడ్‌లైన్ అనే పేరుతో టెలిఫోను తీగల మీదుగా తక్షణ సమాధానం వచ్చే ఏర్పాటు జరిగినది. మరుసటి సంవత్సరం డైలాగ్ అనే వ్యాపార సేవ మొదలైనది. అక్కడ యంత్రంతో సంబంధం ఉన్న ప్రతి నిమిషానికీ రుసుము. అందుచేత గ్రంథపాలకులు ముందుగా కాగితం మీద వాక్యం కూర్చుకొని, కుండలీకరణాలు సరిచూసుకొని, అప్పుడు ఫోను కలిపేవారు. నిమిషానికి డబ్బు కట్టవలసివచ్చిన ఆ రోజులలో మనుషులు ప్రశ్నను ఎంత శ్రద్ధగా ఆలోచించేవారో తలచుకొంటే, ఉచితంగా దొరకడం అన్ని విధాలా లాభమేనా అనిపిస్తుంది.

మన దేశంలో ఈ విద్యను జిల్లా స్థాయి కళాశాలల దాకా తెచ్చినది యునెస్కో వారి సి.డి.ఎస్. ఐసిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. చిన్న కంప్యూటర్లపై పనిచేసే దాని రూపం 1985లో వచ్చినది. మన దేశంలో నిస్సాట్ అనే ప్రభుత్వ పథకం దానిని పంచిపెట్టి శిక్షణ ఇచ్చినది. ఆ సాఫ్ట్‌వేరులో ఆండ్‌కు గుర్తు నక్షత్రం, అంటే కంప్యూటరులో గుణకారపు గుర్తు. ఆర్‌కు గుర్తు కూడిక. 1847 నాటి బూల్ గుర్తులే 140 ఏళ్ల తరువాత మన కళాశాల గ్రంథాలయాలలో నల్లని తెరమీద తిరిగి కనబడినాయి.

మరి ఇంత తేలికైన లెక్క పాఠకులను ఎందుకు తికమక పెట్టినది? కారణం మాటలలోనే ఉన్నది. మామూలు సంభాషణలో 'ఇదీ అదీ' అంటే ఎక్కువ అని అర్థం. "పిల్లలూ పెద్దలూ రావచ్చు" అంటే అందరూ రావచ్చునని. బూల్ 'ఆండ్' ప్రకారం అయితే ఏకకాలంలో పిల్లవాడూ, పెద్దవాడూ అయినవాడే రావాలి. అటువంటివాడు ఎవడూ లేడు కనుక సభ ఖాళీ. ఇంగ్లీషువారికీ ఇదే ఇబ్బంది. మనకు మరికొంత ఎక్కువ. తెలుగులో ఈ కలయికకు సహజంగా విడి మాటే లేదు. అచ్చును దీర్ఘం చేసి ఊరుకొంటాము. 'మరియు' అన్నది కాగితాల మీద తప్ప నోట పలకని మాట. 'శ్రీకాకుళం, గంజాం జిల్లాల చరిత్ర' అని అడిగే పాఠకుని మనసులో ఉన్నది రెండు జిల్లాలలో ఏ ఒక్కదాని చరిత్ర అయినా సరే అని. కాబట్టి ఆయనకు కావలసినది ఆర్. చేతికి వచ్చేది ఆండ్. ఫలితం రెండు మూడు పుస్తకాలు. గ్రంథాలయంలో ఏమీ లేదని నిట్టూర్పు.

ఆండ్‌కు దిక్కు తెలియదు. 'తమిళం ఆండ్ తెలుగు ఆండ్ అనువాదం' అని అడిగితే తమిళం నుండి తెలుగులోకి వచ్చినవీ, తెలుగు నుండి తమిళంలోకి పోయినవీ కలగాపులగంగా వస్తాయి. నాట్ ఇంకా ప్రమాదకరమైనది. పత్తి సంగతి వద్దనుకొని 'తెగుళ్లు నాట్ పత్తి' అని రాస్తే, వరి తెగుళ్లను చక్కగా వివరించి, ఒక అధ్యాయంలో పత్తిని ముట్టుకొన్న గ్రంథం కూడా బయటికి పోతుంది. అది పోయినదన్న సంగతి పాఠకునికి ఎన్నడూ తెలియదు.

కనబడనిది తెలియకపోవడమే ఈ విద్య మొత్తంలో చిక్కు ముడి. వెతుకులాటను కొలిచే శాస్త్రంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. దొరికినవాటిలో పనికివచ్చేవి ఎన్ని? దొరకవలసినవాటిలో దొరికినవి ఎన్ని? మొదటిదానికి ఎవరైనా కళ్లతో చూసి జవాబు చెప్పగలరు. రెండవదానికి చెప్పలేరు. మెడ్లర్స్ వంటి సుశిక్షిత వ్యవస్థలో సైతం దొరకవలసినవాటిలో నూటికి 58 మాత్రమే దొరుకుతున్నవని 1968లో ఎఫ్.డబ్ల్యు. లాంకాస్టర్ పరిశీలనలో తేలినది. అంతకుమించి దిగ్భ్రాంతి కలిగించినది 1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం.ఇ. మారన్ ప్రకటించిన పరిశోధన.

ఒక ప్రమాదానికి సంబంధించిన పెద్ద దావాలో ప్రతివాది పక్షపు న్యాయవాదుల కోసం సుమారు 40,000 పత్రాలు, 3,50,000 పుటలు కంప్యూటరులోకి ఎక్కించారు. ఏ మాటనైనా వెతకవచ్చును. అవసరమైన పత్రాలలో నూటికి 75 అయినా దొరికితీరాలని న్యాయవాదులు నియమం పెట్టుకొన్నారు. ఆండ్, ఆర్‌లతో అడిగించి, వచ్చినవి చదివి, మళ్లీ అడిగించి, 75 దొరికినవని తృప్తి చెందిన తరువాతే ఆపారు. పరిశోధకులు మిగిలిన రాశి నుండి మచ్చుకు పత్రాలు తీసి చూడగా, వాస్తవంలో దొరికినవి సగటున 20 మాత్రమే. న్యాయవాదులు సోమరులు కారు. చేతికి వచ్చిన పత్రాలలో నూటికి 79 పనికివచ్చేవే కావడంతో, అన్నీ వచ్చేశాయని నమ్మారు. తప్పు ఎక్కడ జరిగినది? వారు 'ప్రమాదం' అనే మాటతో వెతికారు. బాధ్యత తమ మీదికి వచ్చే ఉద్యోగులు తమ ఉత్తరాలలో ఆ మాటే వాడలేదు. 'ఆ సంఘటన', 'ఆ పరిస్థితి', 'ఆ ఇబ్బంది' అని రాసుకొన్నారు. మరికొందరు వెనుకటి ఉత్తరంలోని విషయం అని సరిపెట్టారు. ఒకే సంగతిని తమతమ స్థానాన్నిబట్టి మనుషులు వేరువేరు పేర్లతో పిలుస్తారు. యంత్రానికి అక్షరాలు తప్ప మనుషుల మనసు తెలియదు. ఆర్ అనే మాటను ఎంత ఉదారంగా వాడవలసి ఉన్నదో ఈ దావా చూపినంతగా ఏ పాఠ్యగ్రంథమూ చూపలేదు.

1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. ఆ డిసెంబరులోనే ఆల్టావిస్టా అనే అన్వేషణ యంత్రం అమెరికాలో మొదలైనది. దాని సాదా గడిలో నాలుగు మాటలు రాస్తే వాటిలో ఏ ఒక్కటి ఉన్న పుటలైనా లక్షలుగా వచ్చిపడేవి. నిపుణుల కోసం వేరే గడిలో బూలియన్ వాక్యాలకు చోటు ఇచ్చింది. 1998లో వెలసిన గూగుల్ ఆ వరుస తిరగవేసి, రాసిన మాటలన్నిటి మధ్యా ఆండ్ ఉన్నట్లే భావించినది. ఆర్ కావాలంటే పెద్ద అక్షరాలతో రాయాలి. వద్దన్న మాటకు ముందు ఖాళీ లేకుండా తీసివేత గుర్తు పెట్టాలి. మాటలు విడిపోకూడదంటే ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచాలి. ఒక మాట తప్పక ఉండాలని చెప్పే కూడిక గుర్తును 2011లో తొలగించారు. ఆల్టావిస్టా 2013లో మూతబడినది. 1990 దశకం చివర అన్వేషణ యంత్రాల చిట్టాలు పరిశీలించిన పండితులకు జనం సగటున రెండు పైచిలుకు మాటలే రాస్తున్నట్లు, పది ప్రశ్నలలో ఒకదానిలోనైనా బూలియన్ మాట ఉండడం లేదని, వాడినవారిలోనూ తప్పులు మెండని కనబడినది. యంత్రమే ఊహించి వరుస పేర్చడం అప్పటినుండి పెరుగుతూ వచ్చినది. 2022 చివర నుండి మామూలు వాక్యంలో అడిగితే వాక్యాలలోనే జవాబు చెప్పే యంత్రాలు వచ్చినాయి. అయినా మందుల ఫలితాలపై ప్రపంచంలోని పరిశోధనలన్నిటినీ కూడగట్టి తీర్పు చెప్పే వైద్యులు తమ బూలియన్ వాక్యాన్ని పూర్తిగా ప్రకటించాలనే నియమం నేటికీ ఉన్నది. ఏమి అడిగారో తెలిస్తేనే ఏమి వదిలారో ఇతరులు చెప్పగలరు.

తెలుగులో వెతికేవారికి ఇంకొన్ని కష్టాలు ఉన్నాయి. ఒకప్పుడు ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క అక్షరాల అమరిక. ఒకదానిలో టైపు చేసినది మరొక యంత్రానికి పిచ్చిగీతలే. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానం ఉన్నా, అది పత్రికలలో, గ్రంథాలయాలలో స్థిరపడడానికి చాలా ఏళ్లు పట్టినది. తరువాత వర్ణక్రమం. గ్రంథాలయము, గ్రంథాలయం, గ్రంధాలయం మూడూ యంత్రానికి మూడు వేరు మాటలు. ప్రత్యయాలు అంటుకొన్నప్పుడు మొదటి భాగం రాసి నక్షత్రం పెడితే 'పాఠశాల'తో పాటు 'పాఠశాలలో', 'పాఠశాలకు' కూడా దొరుకుతాయి. కాని 'బడి' అని రాసి నక్షత్రం పెడితే 'బళ్లు' దొరకవు. 'ఊరు' అని రాస్తే 'ఊళ్లు' దొరకవు. 1962 నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం పథకం కింద సముద్రాలు దాటిన వేలాది తెలుగు పుస్తకాల పేర్లు అక్కడి సూచికలలో రోమన్ లిపిలో ఉన్నాయి. 'శ్రీ' అన్న ఒక్క అక్షరాన్నే హెచ్‌తో రాసేవారు కొందరు, హెచ్ లేకుండా రాసేవారు కొందరు.

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన కుటుంబాల చరిత్ర కావలసినవారికి ఈ సంగతి మరీ ముఖ్యమైనది. మద్రాసు 1996లో చెన్నై అయినది. అంతకుముందునుంచీ మనవారికి అది చెన్నపట్నం, చెన్నపురి. ఒరిస్సా 2011లో ఒడిశా అయినది. మన బరంపురం ఇంగ్లీషు కాగితాలలో ఒక తీరు, ఒడియా వర్ణక్రమంలో మరొక తీరు. యానాం ఫ్రెంచివారి దస్తావేజులలో యానావోఁ. ఊరి పేర్లు సరే, మన పేరే ఒకటిగా లేదు. పాత తమిళ గ్రంథాలలో మనము వడుగులం. కంపెనీ కాలపు ఇంగ్లీషు దస్తావేజులలో మన భాష జెంటూ. ఎ.డి. కాంప్‌బెల్ 1816లో మద్రాసులో అచ్చువేసిన వ్యాకరణం పేరులోనే ఆ వాడుక ఉన్నది. ఆపైన శతాబ్ది కాలం 'ఆంధ్ర' అన్న మాట భాషకూ, జాతికీ, సభలకూ, బడులకూ చెల్లినది. 'తెలుగు' అని మాత్రమే రాసి వెతికే నేటి విద్యార్థికి 'ఆంధ్ర సభ' కాగితాలు దొరకవు. 'ఆంధ్ర' అని రాసి, అక్కరలేని ఫలితాలు ఎక్కువైనాయని 'నాట్ ఆంధ్రప్రదేశ్' చేర్చినవానికి సరిహద్దుకు ఇవతలా అవతలా రెండు వైపులవారినీ చెప్పే గ్రంథాలన్నీ పోతాయి.

అందుచేత మద్రాసు తెలుగు బడుల చరిత్ర వెతికేవారు రాయవలసిన వాక్యం ఇట్లా ఉంటుంది: (తెలుగు ఆర్ ఆంధ్ర ఆర్ జెంటూ ఆర్ వడుగు) ఆండ్ (మద్రాసు ఆర్ చెన్నై ఆర్ చెన్నపట్నం ఆర్ చెన్నపురి) ఆండ్ (బడి ఆర్ బళ్లు ఆర్ పాఠశాల* ఆర్ స్కూలు). కుండలీకరణాలు మరచిపోరాదు. 'తెలుగు ఆండ్ మద్రాసు ఆర్ చెన్నై' అని ఊరక రాస్తే యంత్రం మొదటి రెండింటిని కలుపుకొని, ఆపైన చెన్నై మాట ఉన్న ప్రతి కాగితాన్నీ, సినిమా వార్తలతో సహా, తెచ్చి గుమ్మరిస్తుంది. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషు వర్ణక్రమంలో, తమిళ లిపిలో మళ్లీ రాయాలి. బళ్లారికీ, బరంపురానికీ, యానాముకూ వేరే వాక్యాలు కూర్చుకోవాలి.

ఇన్ని చేసినా ఆ వాక్యానికి అందేవి యంత్రంలోకి ఎక్కిన కాగితాలే. హాజరు పట్టీలు, కమిటీ సమావేశాల మినిట్సు పుస్తకాలు, వార్షికోత్సవపు కరపత్రాలు, ప్రవేశపు దరఖాస్తులు ఇంకా బడుల బీరువాలలోనూ, పాత విద్యార్థుల ఇళ్లలో అటకల మీదా ఉన్నాయి. వాటి మీద పేర్లు ఏ వర్ణక్రమంలో ఉన్నాయో వాటిని విప్పి చూసినవారికే తెలుస్తుంది.